అజంతా గోడ మీది లక్క

అజంతా పదో గుహలో ఒక స్తంభం మీద, రంగుల్లో ఉన్న బోధిసత్వుడి బొమ్మ మీదుగా ఒక ఇంగ్లిషు పేరు గీకి ఉంటుంది. జాన్ స్మిత్. తేదీ 1819 ఏప్రిల్ 28. మద్రాసు సైన్యంలో అశ్వికదళ అధికారి అతను. పులివేటకు వచ్చి, వాఘోరా వాగు మలుపులో కొండను తొలిచి కట్టిన గుహల్ని చూశాడు, లోపలికి దిగాడు, తన పేరు గీకి వెళ్లాడు. ఆ గీతలు ఇప్పుడు మనిషి తలకన్నా ఎత్తులో కనిపిస్తాయి. గుహ నిండా శతాబ్దాల మట్టి పేరుకుపోయి ఉంటే దాని మీద నిలబడి గీకాడు మరి.

స్మిత్ తర్వాత ఆ గోడల మీద పడ్డ చేతులు చాలావరకు ప్రేమతో పడ్డవే. ఆ బొమ్మల్ని లోకానికి చూపించాలనీ, రాలిపోకుండా ఆపాలనీ వచ్చినవాళ్ల చేతులవి. వాళ్లు పూసిన పూతల్ని తీయడానికి రసాయనవేత్తలు దశాబ్దాలుగా శ్రమపడుతున్నారు. సాంస్కృతిక వారసత్వ సంరక్షణ అనే చదువు విశ్వవిద్యాలయాల్లోకి ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే ఆ పూతల కథ దగ్గర మొదలుపెట్టడం మంచిది. అందులో హైదరాబాద్ రాజ్యానిది పెద్ద పాత్ర.

మొదట వచ్చినవాళ్లు నకలు చిత్రాలు గీసేవాళ్లు. మద్రాసు సైన్యానికే చెందిన రాబర్ట్ గిల్ 1840లలో అజంతా చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయి, గోడ మీది బొమ్మల్ని గుడ్డ మీదకు ఎక్కించాడు. లండన్ పంపిన ఆ చిత్రాల్లో చాలా భాగం 1866లో క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆ తర్వాత బొంబాయి చిత్రకళాశాల నుంచి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో వచ్చి 1872 నుంచి 1885 దాకా మళ్లీ నకళ్లు తీశాడు. వాటిలోనూ చాలావాటిని 1885లో లండన్‌లో నిప్పు మింగేసింది. నకళ్లు పోయాయి, వాటికోసం చేసిన పని మాత్రం గోడ మీద మిగిలింది. మసకబారిన రంగులు స్పష్టంగా కనపడాలని అప్పట్లో గోడలకు వార్నిష్ పూశారు. తడి పూసినప్పుడు రంగు ఒక్కసారిగా మెరుస్తుంది. ఆరాక కొన్నేళ్లకు ఆ పూతే పసుపెక్కి, పొగనీ దుమ్మునీ పట్టుకుని కూర్చుంటుంది.

1909, 1911 మధ్య మళ్లీ నకళ్లు తీయడానికి ఇంగ్లండ్ చిత్రకారిణి క్రిస్టియానా హెరింగమ్ బృందం వచ్చింది. నందలాల్ బోస్, అసిత్ హల్దార్ వంటి బెంగాల్ యువకులతో పాటు హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ కూడా ఆ పనిలో ఉన్నారు. అప్పటికి అజంతా, ఎల్లోరా రెండూ నిజాం పాలనలోని ఔరంగాబాద్ జిల్లాలో ఉండేవి. హైదరాబాద్ రాజ్యం 1914లో పురావస్తు శాఖను స్థాపించి, గులాం యజ్దానీని డైరెక్టరుగా నియమించింది. యజ్దానీ శ్రద్ధ గలవాడు, పండితుడు. అజంతా మీద ఆయన వెలువరించిన నాలుగు భాగాల గ్రంథం 1930లో మొదలై 1955లో పూర్తయింది. బొమ్మలు పెచ్చులుగా ఊడి నేలరాలుతున్నాయని చూసి, అప్పట్లో లోకమంతా ఎవర్ని పిలుస్తుందో వాళ్లనే పిలిపించాడు. గోడ చిత్రాల మరమ్మతులో పేరున్న ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీ, ఆయనకు సహాయకుడిగా కౌంట్ ఒర్సినీ వచ్చారు. 1920 నుంచి 1922 దాకా గుహల్లో పనిచేశారు.

వాళ్లు చేసిన మేలు కాదనలేనిది. గోడను విడిచి ఉబ్బిన పెచ్చుల వెనక అతుకు పదార్థం నింపి, అంచులు బిగించారు. ఆ పని జరగకపోతే ఇవాళ మనం చూస్తున్న కొన్ని ముఖాలు ఉండేవి కావు. అయితే ఆఖర్న రంగు మీద స్పిరిట్‌లో కరిగించిన లక్క పూశారు. వడ్రంగులు బీరువాలకూ కుర్చీలకూ నునుపు కోసం పట్టించే స్పిరిట్ పాలిష్‌లో ఉండేది ఈ లక్కే. చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు విడిచే జిగురు అది. పూసిన రోజున అద్దంలా మెరుస్తుంది. కాలం గడిచేకొద్దీ ముదిరి, గోధుమరంగుకు తిరిగి, బిగుసుకుంటుంది. బిగుసుకునేటప్పుడు కింద ఉన్న రంగుపొరను కూడా తనతో లాగుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. కొత్త లక్క స్పిరిట్‌లో ఇట్టే కరుగుతుంది, ముదిరిన లక్క కరగదు. దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుపోయి వేరే పదార్థంలా తయారవుతాయి. పూసినవాడు ఏ స్పిరిట్‌తో పూశాడో అదే స్పిరిట్‌తో తరువాతి తరం దాన్ని తీయలేదు.

చెక్కోనీని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయనకు తెలిసిన గోడ ఇటలీ గోడ. అక్కడ తడి సున్నపు గచ్చు మీద నీళ్లలో కలిపిన రంగు వేస్తారు. సున్నం గాలిని పీల్చుకుని మళ్లీ రాయిగా మారేటప్పుడు రంగును తనలో బంధించేస్తుంది. అజంతా గోడ తీరు వేరు. గరుకుగా చెక్కి వదిలిన నల్లరాతి మీద మట్టి పూత. ఆ మట్టిలో రాతిపొడి, వరి ఊక, గడ్డి, నార. దాని మీద సున్నమో తెల్లమట్టో పూసిన పల్చని తెల్లపొర. ఆ పొర ఆరాక సరేసు లాంటి జిగురులో కలిపిన రంగు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఆ చుట్టుపక్కల నేలలో దొరికేవే, నలుపు దీపపు మసి. నీలం మాత్రం అఫ్ఘనిస్థాన్‌లోని బదక్షాన్ గనుల్లో దొరికే లాపిస్ లజులీ రాయిని నూరి చేసింది. ఇటలీ గోడకు ప్రాణం సున్నమైతే అజంతా గోడకు ప్రాణం మట్టి, ఊక, జిగురు. తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, పురుగుకు ఆహారమవుతుంది. ఇంత తేడా ఉన్న గోడకు మందు వేసేముందు దాన్ని పరీక్షించే మనిషి ఉండాలి. 1920లో అజంతాలో అలాంటి మనిషి లేడు.

విచిత్రమేమిటంటే అలాంటి మనుషులు సరిగ్గా ఆ రెండు మూడేళ్లలోనే మ్యూజియంలలోకి అడుగుపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి బాంబుల భయంతో బ్రిటిష్ మ్యూజియం తన వస్తువుల్ని చాలావాటిని లండన్ నేల అడుగున తపాలా శాఖ తవ్విన సొరంగంలో దాచింది. యుద్ధం ముగిసి పైకి తీసేసరికి ఇనుము తుప్పు పట్టి ఉంది, కంచు చిలుము పట్టి ఉంది, కాగితాల మీద బూజు లేచింది. మ్యూజియం కంగారుపడి అలెగ్జాండర్ స్కాట్ అనే రసాయనవేత్తను పిలిచింది. 1920లో తాత్కాలికమని మొదలైన ఆ ప్రయోగశాల శాశ్వతమైంది. 1924లో అందులో చేరిన హెరాల్డ్ ప్లెండర్‌లీత్ 1956లో రాసిన పుస్తకం ఈ రంగంలో రెండు తరాలకు పాఠ్యగ్రంథం. అంతకుముందు బెర్లిన్‌లో ఫ్రీడ్రిష్ రాత్‌గెన్ 1888 నుంచే రాజ మ్యూజియంల రసాయనవేత్తగా పనిచేస్తున్నాడు. ఈజిప్టు ఎండలో వేల ఏళ్లు నిలిచిన రాళ్లు, కంచు బొమ్మలు బెర్లిన్ తేమ గాలిలో పొడిపొడిగా రాలుతుంటే కారణం ఉప్పు అని తేల్చి, నీళ్లలో నానబెట్టి ఆ ఉప్పు లాగేసే పద్ధతుల్ని 1898లో పుస్తకంగా రాశాడు.

మన దేశంలో కూడా ఆ పదవి అప్పటికే పుట్టింది. భారత పురావస్తు శాఖ 1917లో మహమ్మద్ సనాఉల్లాను పురావస్తు రసాయనవేత్తగా నియమించింది. 1921-22లో ఆయన ప్రయోగశాల డెహ్రాడూన్ చేరింది. మొహంజొదారోలో దొరికిన రాగి, కంచు వస్తువుల్ని విశ్లేషించింది ఆయనే. ఒకవైపు డెహ్రాడూన్‌లో పరీక్ష గొట్టాలు సర్దుతుంటే మరోవైపు అజంతాలో లక్క ఆరుతోంది. బ్రిటిష్ ఇండియా వేరు, నిజాం రాజ్యం వేరు. ఆ రెండు పనులూ ఒకచోట కలిసే మార్గం అప్పట్లో లేదు.

ప్రయోగశాలలో పుట్టిన ఈ విద్య తరగతి గదిలోకి రావడం ఇంకో మలుపు. కళావిద్యార్థులకు విజ్ఞానశాస్త్రం చెప్పాలన్న ఆలోచన పాతదే. పిచ్చికుక్క కాటు టీకాతో పేరు మోసిన లూయీ పాశ్చర్ అంతకుముందే, 1863 నుంచి 1867 దాకా, పారిస్ చిత్రకళాశాలలో చిత్రకారులకు రసాయనం, భౌతికం పాఠాలు చెప్పాడు. ఆ ప్రయత్నం అంతటితో ఆగింది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఫాగ్ మ్యూజియం డైరెక్టర్ ఎడ్వర్డ్ ఫోర్బ్స్ దాన్ని నిలబెట్టాడు. ఆయన క్లాసులో విద్యార్థులు గుడ్డుసొన కలిపి రంగులు నూరాలి, గచ్చు మెత్తి దానిమీద బొమ్మ వేయాలి. పిల్లలు ఆ పాఠాన్ని సరదాగా గుడ్డూ గచ్చూ కోర్సు అనేవారు. బొమ్మ ఎలా తయారవుతుందో చేత్తో తెలియనివాడు అది ఎలా చెడుతుందో కంటితో పట్టలేడని ఫోర్బ్స్ నమ్మకం. 1928లో ఆ మ్యూజియంలో సాంకేతిక పరిశోధన విభాగం మొదలైంది. రసాయనవేత్త రూథర్‌ఫర్డ్ గెటెన్స్, చిత్ర సంరక్షకుడు జార్జ్ స్టౌట్ కలిసి పనిచేశారు. 1932 నుంచి పదేళ్లపాటు వాళ్లు నడిపిన పత్రిక కళావస్తువుల శాస్త్రీయ పరీక్షకు తొలి వేదికల్లో ఒకటి.

ఆ హార్వర్డ్ పత్రికలో 1937లో మద్రాసు నుంచి వెళ్లిన ఒక పరిశోధన వ్యాసం అచ్చయింది. తంజావూరు బృహదీశ్వరాలయంలోని చిత్రాలను ఏ పద్ధతిలో వేశారన్నది విషయం. రాసినవాడు ఎస్. పరమశివన్. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930లో ఏర్పడిన రసాయన సంరక్షణ ప్రయోగశాలకు ఆయనే ప్రాణం.

పరమశివన్ గురించి తెలుగువాళ్లు ఇంకాస్త తెలుసుకుని ఉండాల్సింది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఆంధ్ర జిల్లాల వస్తువులు చేరిన మ్యూజియం అది. అక్కడి కంచు విగ్రహాలకు పెద్ద రోగం చిలుము. మామూలు చిలుము నష్టం చేయదు సరికదా, ఒక రకంగా కాపాడుతుంది. లోపలికి ఉప్పు చేరితే మాత్రం రోగమే. రాగితో కలిసిన ఉప్పు తేమ తగిలినప్పుడల్లా మేల్కొని, లేతాకుపచ్చ పొడిగా ఉబికి, లోహాన్ని పుండులా తొలుస్తూ పోతుంది. పూర్వం దీనికి చింతపండుతో రుద్దడమే తెలుసు. రుద్దితే పైమెరుగుతో పాటు చెక్కడపు గీతలు కూడా అరుగుతాయి. మద్రాసు ప్రయోగశాలలో విగ్రహాన్ని క్షార ద్రావణంలో ముంచి, బలహీనమైన విద్యుత్తు పంపి, తుప్పులోంచి ఉప్పును నెమ్మదిగా బయటికి లాగేవారు. పట్టుదల, ఓపిక రెండూ కావలసిన పని.

గోడచిత్రాల దగ్గర ఆయన చేసిన పని ఇంకా విలువైనది. తంజావూరులో గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి నడవాలో నాయక రాజుల నాటి బొమ్మల కింద చోళుల నాటి బొమ్మలు దాగి ఉన్నాయని 1931లో ఎస్.కె. గోవిందస్వామి కనిపెట్టాడు. పరమశివన్ ఆ గోడ నుంచి ఆవగింజంత పెచ్చులు తీసి, పొరలు పొరలుగా పరీక్షించాడు. సున్నపు గచ్చు తడిగా ఉండగానే వేసిన రంగులవి అని తేల్చాడు. ఆ తర్వాత లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీది విజయనగర చిత్రాల్ని కూడా అదే తీరున పరిశీలించాడు. ఒకే దేశంలో ఒక గోడ మట్టి, ఒక గోడ సున్నం. అజంతాకు కుదిరిన మందు తంజావూరుకు కుదరదు, తంజావూరుకు కుదిరినది లేపాక్షికి కుదురుతుందో లేదో ముందు చూడాలి. చెక్కోనీ నాటికి లేని ఈ తెలివిడి పదిహేనేళ్లలో వచ్చింది.

ఆ మ్యూజియంలోనే తెలుగునేల నుంచి వెళ్లిన అమరావతి శిల్పాలున్నాయి. 1880లలో వాటిని సిమెంటుతో గోడలో పొదిగారు. కిందపడకుండా, దొంగిలించకుండా, అందరికీ కనిపించేలా చేయాలన్నది ఉద్దేశం. పల్నాటి సున్నపురాయి తేమను పీలుస్తుంది. గోడలోని తడి, సిమెంటులోని ఉప్పు రాతిలోకి పాకి, ఆరినప్పుడల్లా స్ఫటికాలుగా ఉబ్బి, పైపొరను లోపలి నుంచి నెడతాయి. రెండువేల ఏళ్ల నాటి పద్మపు రేకు పొడిగా రాలడానికి సుత్తి దెబ్బ అక్కర్లేదు, అంత ఉప్పు చాలు. ఇక్కడ కూడా సంకల్పం మంచిదే, లోపించింది పరీక్షే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ చదువు వేగంగా వ్యాపించింది. రోమ్‌లో 1939లోనే చేజారే బ్రాండీ సారథ్యంలో కేంద్ర సంరక్షణ సంస్థ మొదలైంది. 1959లో అదే నగరంలో అంతర్జాతీయ సంరక్షణ కేంద్రం ఏర్పడితే ప్లెండర్‌లీత్ దానికి తొలి డైరెక్టర్ అయ్యాడు. 1960లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం సంరక్షణలో స్నాతకోత్తర శిక్షణ మొదలుపెట్టింది. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ నగరాన్ని ముంచెత్తినప్పుడు లక్షల పుస్తకాలు, వందల చిత్రాలు బురదలో కూరుకుపోయాయి. చిమబూయే వేసిన 13వ శతాబ్దపు సిలువ మీద రంగు చాలా భాగం నీళ్లలో రాలిపోయింది. దేశదేశాల నుంచి సంరక్షకులు, విద్యార్థులు పరుగెత్తుకొచ్చారు. ఏ పుస్తకాన్ని ముందు ఆరబెట్టాలి, ఏ బూజుకు ఏం చేయాలి అన్న ప్రశ్నలకు చదువుకున్న చేతులు ఎన్ని తక్కువున్నాయో అప్పుడు లోకానికి తెలిసొచ్చింది.

భారతదేశంలో బరోడా సయాజీరావు విశ్వవిద్యాలయం 1952లోనే మ్యూజియం శాస్త్రానికి ప్రత్యేక విభాగం పెట్టింది. ఢిల్లీ జాతీయ మ్యూజియం ప్రయోగశాలలో పనిచేసిన ఓ.పి. అగ్రవాల్ చొరవతో 1976లో లక్నోలో జాతీయ సంరక్షణ పరిశోధన ప్రయోగశాల వచ్చింది. 1989లో జాతీయ మ్యూజియం సంస్థ విశ్వవిద్యాలయ హోదా పొందింది. కళాచరిత్ర, మ్యూజియం శాస్త్రాలతో సమానంగా సంరక్షణలో ఎం.ఏ. చదివే అవకాశం అక్కడ ఏర్పడింది.

ఈ చదువులో ఏముంటుందని రసాయనం చదివిన పిల్లలు అడుగుతుంటారు. మొదట ఉండేది చూడటం. రంగు పెచ్చును గుండుసూది తలకన్నా చిన్నదిగా తీసి, పారదర్శకమైన రెసిన్‌లో పోతపోసి, పక్క నుంచి కోసి, మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద పెడతారు. గోడ పుట్టుక నుంచి నేటిదాకా పడ్డ ప్రతి పొరా చెట్టు వలయాల్లా అందులో కనిపిస్తుంది. మట్టి, తెల్లపొర, రంగు, ఆ మీద వార్నిష్, మసి, లక్క. ఆ తర్వాత పెచ్చు కూడా తీయకుండా పరీక్షించే పద్ధతులు నేర్చుకుంటారు. ఎక్స్ కిరణాలతో మూలకాల్ని గుర్తించడం, పరారుణ కిరణాలతో జిగురును గుర్తించడం, రామన్ వర్ణపటంతో రంగు ఖనిజాన్ని గుర్తించడం. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1928లో ప్రకటించిన ఆవిష్కరణే ఇది. హార్వర్డ్‌లో ఆ విభాగం తెరిచిన సంవత్సరమూ అదే. లేజర్లు అందుబాటులోకి వచ్చాక బొమ్మ మీద చెయ్యి పడకుండా రంగు పేరు చెప్పే సాధనంగా రామన్ పద్ధతి ప్రపంచమంతటి మ్యూజియంలకు చేరింది.

ఇన్ని పరికరాల మధ్య విద్యార్థికి పదేపదే గుర్తుచేసే నియమం ఒకటుంది. ఈరోజు పెట్టిన పదార్థాన్ని రేపు ఎవరైనా హాని లేకుండా తీయగలగాలి. అజంతా లక్క ఈ నియమానికి ఎదురు సాక్ష్యం.

ఆ లక్క సంగతి ఏమైంది? స్వాతంత్ర్యం వచ్చాక 1950లలో అజంతా భారత పురావస్తు శాఖ చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఆ శాఖ రసాయన విభాగం లక్క తీసే పనిలోనే ఉంది. రకరకాల ద్రావణుల మిశ్రమాలతో ముందు ఒక మూల చిన్న చతురస్రంలో పరీక్ష, కింది జిగురుకు హాని లేదని తేలాకే ముందుకు. 1999 తర్వాత ఆ శాఖ రసాయనవేత్త రాజ్‌దేవ్ సింగ్ బృందం తొమ్మిదో గుహలోనూ పదో గుహలోనూ నల్లబడ్డ పొరల్ని తొలగిస్తే కింద క్రీస్తుపూర్వపు బొమ్మలు బయటపడ్డాయి. దేశంలో దొరుకుతున్న అతి పురాతన బౌద్ధ చిత్రాలవి. యజ్దానీ కాలంలో పొగమసకలో కనిపించిన ముఖాలు మళ్లీ వెలుగు చూశాయి.

విశ్వవిద్యాలయం ఈ కథలో ఎంత దూరం వచ్చిందో చెప్పే ఉదాహరణ ఎల్లోరాలో ఉంది. అజంతా మట్టి పూతలో ఊకనీ నారనీ తినే పురుగులు, ముఖ్యంగా పాత పుస్తకాల్లో తిరిగే సిల్వర్‌ఫిష్, తీరని బెడద. ఎల్లోరా పూతకు ఆ బాధ లేదు. రాజ్‌దేవ్ సింగ్‌తో కలిసి ఔరంగాబాద్‌లోని మరాఠ్వాడా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర అధ్యాపకుడు మిలింద్ సర్దేశాయి ఆ మట్టిని సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. అందులో ఉన్న పీచు గంజాయి మొక్కదని తేలింది. తాజా మొక్కలు తెచ్చి పోల్చి చూసి మరీ నిర్ధారించుకున్నారు. 2016లో కరెంట్ సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం ప్రకారం ఎల్లోరా పూత ఇన్నేళ్లు పురుగు పట్టకుండా నిలవడానికి ఆ పీచు కారణం కావచ్చు. అజంతాలో అది లేదు, అక్కడి చిత్రాల్లో కనీసం 25 శాతం పురుగుల వల్ల దెబ్బతిన్నాయని వాళ్ల అంచనా. తాళపత్రాల మధ్య వసకొమ్ము పెట్టి, గింజల్లో వేపాకు కలిపి దాచుకున్న జాతి మనది. మట్టిలో ఏ పీచు కలపాలో ఎల్లోరా మేస్త్రీకి తెలుసు. ఆ తెలివి మనకు తిరిగి దక్కింది ఒక వృక్షశాస్త్ర విభాగం వల్ల.

తెలుగునేల మీద పరీక్షకు ఎదురుచూసే గోడలు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల పని మొదలైంది. వరంగల్ ఎన్‌ఐటీ ఇంజినీరింగ్ అధ్యాపకులు కాకతీయుల ఇసుక పునాదుల్ని అధ్యయనం చేసి చూపించారు. గోపురంలో నీటి మీద తేలే ఇటుకలున్న రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. హైదరాబాద్ రాష్ట్ర మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని 2016లో ప్రాణవాయువు లేకుండా నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలో భద్రపరిచారు. అయితే లేపాక్షి కప్పు మీది రంగు, ఊరూరా గుళ్లలో సున్నం కింద మునిగిన బొమ్మలు, ఇళ్లలో అటకల మీది తాళపత్రాలు చదువుకున్న చేతుల కోసం కాచుకుని ఉన్నాయి. ఆలయ జీర్ణోద్ధరణ పేరిట ఎనామిల్ పెయింటు, సిమెంటు ఇప్పటికీ పాత రాతిమీద పడుతూనే ఉన్నాయి. ఊరి గుడికి చందా ఇచ్చే పెద్దలు డబ్బాలు తెరవకముందు, దగ్గర్లోని కళాశాల రసాయన అధ్యాపకుడిని ఒక్కసారి పిలిచి ఆ గోడ చూపించండి.